రెండు వారాల మడి

వ్యాగన్ వర్క్‌షాపు సైరన్ మోగేసరికి శాంతమ్మ రాగిజావ దించేసింది. రాయ్‌పూర్‌లో రైల్వే కాలనీని ఆనుకున్న ఆ వీధుల్లో చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగేదీ ఆరేదీ ఆ కూతను బట్టే. ఆమె భర్త సుందరరావు ఆ వర్క్‌షాపులో చేరి, అక్కడే మేస్త్రీ అయి, అక్కడే పదవీ విరమణ చేశాడు. ఉద్యోగం వదిలి కొన్నేళ్ళయినా సైరన్ వినబడగానే మంచం మీద లేచి కూర్చునే అలవాటు ఆయనను వదలలేదు. ఇప్పుడా మంచం ఇంట్లో లేదు. పెరడు దాటి, ఒకప్పుడు అద్దెకిచ్చిన వెనక గదిలో ఉంది.

శాంతమ్మ స్టీలు కంచం, గ్లాసు తీసుకుని పెరటి తలుపు తెరిచింది. వంటింటి కిటికీలోంచి కూతురు గొంతు వెంటపడింది.

"అమ్మా, ఆ కంచమేనా?"

"అదేనే తల్లీ. అడుగున చూసే తెచ్చాను."

"పెట్టేసి వచ్చెయ్యి. కబుర్లు పెట్టుకుని అక్కడే నిలబడతావు నువ్వు. చేతులు పక్కాగా కడుక్కో, ఊరికే తడిపి రావద్దు."

"నర్సును కన్నాననుకున్నాను గానీ నాకు ఇంట్లోనే పెద్ద డాక్టరమ్మ తయారైంది" అని శాంతమ్మ గొణుక్కుంది. వెనక గది గుమ్మం దగ్గరున్న స్టూలు మీద కంచం పెట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చింది. సుందరరావు లేచి వచ్చి కంచం అందుకున్నాడు. మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ ఆయన తల తిప్పినప్పుడల్లా ముందుగా కదిలేది.

"మీ ఆఫీసరు లేచిందా?" అన్నాడు కిటికీ వైపు చూసి.

"లేచింది. ఇన్‌స్పెక్షన్ కూడా అయింది."

ఆయన నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చి మూడో రోజు అది. ఆ నవ్వు చూసి శాంతమ్మకు కొంచెం ధైర్యం వచ్చింది.

సుందరరావుకు లింఫు గ్రంథుల క్యాన్సర్. మొదటిసారి కీమో ఇచ్చినప్పుడు గడ్డలు కరిగిపోయాయి, ఏడాదికి మళ్ళీ వచ్చాయి. రెండోసారి మందులు మార్చారు, ఈసారి ఏడాది కూడా ఆగలేదు. అప్పుడు డాక్టరు కొత్త వైద్యం గురించి చెప్పాడు. ఆ క్యాన్సర్ కణాల పైపొర మీద ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తును వెతికి పట్టుకునే పదార్థాన్ని, ప్రతిరక్షకం అంటారు దాన్ని, తయారుచేసి, దానికి రేడియోధార్మిక అయొడిన్ తగిలించి రక్తంలోకి ఎక్కిస్తారు. ప్రతిరక్షకం వెళ్ళి కణాన్ని అంటిపెట్టుకుంటుంది. అయొడిన్ అక్కడే కూర్చుని కణాన్ని కాలుస్తుంది. కొందరికి పనిచేసింది, కొందరికి చేయలేదు, చివరి ప్రయత్నం అనుకోండి అని ఆ డాక్టరు దాచకుండా చెప్పాడు.

సుందరరావుకు ఇది ఒక్కసారి వినగానే అర్థమైంది. "చెడిపోయిన వ్యాగన్‌కి మేం సిక్ లేబుల్ కడతాం చూడు శాంతా. యార్డు నిండా వ్యాగన్లున్నా లేబుల్ ఉన్నదాన్నే షంటింగ్ ఇంజన్ మరమ్మతుకు సిక్ లైన్లోకి లాక్కుపోతుంది. ఇదీ అంతే" అని భార్యకు విప్పి చెప్పాడు. హిందీలో వార్డు ఆయాలు మామూలు రేడియేషన్‌ను అన్నట్టే ఈ వైద్యాన్ని కూడా సికాయి అనే అన్నారు. సికాయి అంటే కాపడం. కాపడం పెడితే క్యాన్సర్ పోతుందా అని శాంతమ్మ మొదట తెల్లబోయింది.

మందు ఎక్కించాక కొన్నాళ్ళు సీసపు తెరల గదిలో ఒంటరిగా ఉంచారు. ఇంటికి పంపే రోజున చేత్తో మీటరు పట్టుకున్న ఒక అమ్మాయి దూరంగా నిలబడి, ఆయన ఒంట్లోంచి వచ్చే కిరణాలను కొలిచింది. రెండు వారాలు విడిగా పడుకోవాలి, విడి కంచం, విడి స్నానాలగది, పసిపిల్లల దగ్గరికీ గర్భిణుల దగ్గరికీ అసలు పోకూడదు అని హిందీలో నెమ్మదిగా చెప్పింది. ఇంట్లో గర్భిణి ఉందని తెలిసి, వెనక గది సంగతి వివరంగా అడిగి, పెరడు దాటకూడదన్న షరతు మీద ఒప్పుకుంది. సుందరరావు అన్నింటికీ తలూపాడు. "రెండు వారాలే కదా" అన్నాడు.

ఆ గర్భిణి వాళ్ళ కూతురు రేచల్. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది ఐదో నెల. వీలైనంత విశ్రాంతిగా ఉంటే మంచిదని డాక్టరు చెప్పడంతో నర్సు ఉద్యోగానికి సెలవు పెట్టి పుట్టింటికి వచ్చింది. భర్త డేనియల్ బిలాస్‌పూర్‌లో గూడ్సు బండి గార్డు. వారానికి ఒకసారి ముఖం చూపిస్తే గొప్ప. తండ్రి ఆసుపత్రిలో ఉండగా తల్లి కూడా అక్కడే ఉండిపోయింది కనక వెనక గదిని సర్దిందీ, తండ్రికి కంచం గ్లాసు వేరు చేసిందీ రేచలే. అవి ఇంట్లో మిగతా కంచాల్లాగే ఉంటాయి కనక పొరపాటు జరగకూడదని అడుగున ఎర్రటి గోళ్ళరంగుతో చుక్క పెట్టింది. జాగ్రత్తపరురాలైన నర్సు ఎవరైనా ఆ పనే చేస్తుంది.

శాంతమ్మ ఆ చుక్కను ఇంటికి వచ్చిన రోజునే చూసింది. గరిటె కాడతో గీకబోతే రేచల్ వారించింది. ఎందుకు గీకుతున్నావో చెప్పమంటే శాంతమ్మ చెప్పలేకపోయింది. కంచం బోర్లించి చూసే అవసరం ఆయనకేముంటుంది లెమ్మని ఊరుకుంది.

ఆ మూడో రోజు సాయంత్రం పక్కింటి ఆండాళమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. కరీంనగర్ నుంచి భర్త ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం వచ్చిన మనిషి.

"శాంతమ్మా, మీ ఆయనకు సికాయి చేయించిన్రట గదా. ఎట్లున్నడు?"

"పర్వాలేదు వదినా. వెనక గదిలో ఉన్నారు. రెండు వారాలు మేము దగ్గరికి పోకూడదంట."

"ముట్టుకోవద్దా?"

రేచల్ కిటికీలోంచి బదులిచ్చింది. "ముట్టుకోవద్దు ఆంటీ. కంచం సెపరేట్, గ్లాసు సెపరేట్, బట్టలు సెపరేట్. నేనైతే పెరట్లోకి కూడా పోకూడదు."

"గట్లనా. అయితే మీ ఇంట్ల మడి నడుస్తున్నదన్నట్టు" అని ఆండాళమ్మ నవ్వింది. "మా అత్త ఉన్నప్పుడు గిట్లనే ఉండె. వంట అయ్యేదాక ఎవర్ని దగ్గరికి రానియ్యకపోవు."

ఆమె మాటలో కల్మషం లేదు. రేచల్‌కు ఆ మాట నచ్చింది. రాయ్‌పూర్‌లో పుట్టి, హిందీ బడిలో చదివి, ఇంట్లో వినబడినంత మేరకే తెలుగు నేర్చుకున్న పిల్ల. కొత్త తెలుగు మాట దొరికితే దాచుకునేది. "మడి అంటే శుభ్రంగా ఉండటమా అమ్మా?" అని అడిగింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని శాంతమ్మ లోపలికి వెళ్ళిపోయింది. పాలు నిజంగానే పొంగుతున్నాయి. అవి పొంగకపోయినా ఆమె వెళ్ళిపోయేదే.

ఆదివారం ఉదయం చర్చికి వెళ్ళే ముందు ఇంట్లో ప్రార్థన చేసుకోవడం వాళ్ళ ఆనవాయితీ. ఈసారి సుందరరావు పెరట్లో కుర్చీ వేసుకుని, తల్లీకూతుళ్ళు వంటింటి కిటికీ దగ్గర నిలబడి చేసుకున్నారు. రేచల్ గొంతు సరిగా వినబడక ఆయన లేచి నాలుగడుగులు ముందుకు వచ్చాడు.

"అక్కడే నాన్నా, అక్కడే" అని రేచల్ కిటికీ రెక్క దగ్గరికి లాక్కుంటూ నవ్వింది. "రెండు వారాలు మనింట్లో మడి. నువ్వు గీత దాటి రాకూడదు."

సుందరరావు నిలబడిపోయాడు. "ఏమన్నావు?"

"మడి. ఆండాళమ్మ ఆంటీ చెప్పింది. మంచి మాట కదా. ఎందుకు ముట్టుకోకూడదో అందరికీ చెప్పుకుంటూ కూర్చోకుండా, బస్, మడి అంటే సరిపోతుంది."

ఆయన వెనుదిరిగాడు. స్టూలు మీద పొద్దుటి కంచం ఉంది. ఏం తోచిందో, దాన్ని తీసి బోర్లించాడు. మిగిలిన జావ పాదాల మీద పడింది. ఎర్ర చుక్కను బొటనవేలితో రుద్ది చూశాడు.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే పెట్టాను. మాతో కలిసిపోకుండా."

"కలిసిపోకుండా" అని ఆయన ఆ మాటను మళ్ళీ అన్నాడు. కంచాన్ని చప్పుడు కాకుండా నేల మీద పెట్టి, గదిలోకి వెళ్ళి చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని వచ్చాడు.

శాంతమ్మ పెరట్లోకి పరిగెత్తింది. "ఎక్కడికండీ?"

"బీర్‌గావ్. వర్క్‌షాపు భీమారావు దగ్గర ఉంటాను."

"వాళ్ళింట్లో పసివాళ్ళున్నారు కదండీ. మీరు వెళ్ళకూడదు."

"లోపలికి ఎందుకెళ్తాను. బయట అరుగు మీద కూర్చుంటాను. నాకు కొత్తా?"

ఇంటికీ ప్రహరీకీ మధ్య గేటుకు పోయే సందు ఇరుకుది. ఇద్దరు ఎదురైతే ఒకరి భుజం ఒకరికి తగలకుండా తప్పుకోలేరు. సుందరరావు ఆ సందు మలుపు తిరిగేసరికి రెండో చివర రేచల్ నిలబడి ఉంది. ముందు గది తలుపు తీసుకుని వచ్చేసింది. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి కడుపు మీద.

"లోపలికి పో" అన్నాడు సుందరరావు.

"నువ్వు పో ముందు."

"నా కంచానికి బొట్టు పెట్టిన ఇంట్లో ఉండను రేచల్. తప్పుకో."

"నువ్వు భీమారావు అంకుల్ మనవలను ఎత్తుకుంటావు. నాకు తెలుసు నీ సంగతి. వాళ్ళు నీ మీదికి ఎక్కేస్తారు, నువ్వు దించలేవు. ఆ పిల్లలకు ఏమైనా అయితే నువ్వు బతకగలవా? నీకు కోపమైతే నన్ను తిట్టు. తిట్లకు మడి లేదు."

"ఆ మాట అనకు."

"ఏ మాట? ఏం మాట అన్నాను నేను?" ఆమె గోడ మీది చెయ్యి తీసేసింది. "ఇన్ని రోజులు కిటికీలోంచి నిన్ను చూస్తూ కూర్చుంటున్నాను. నాకు సరదాగా ఉందనుకున్నావా? వెళ్ళాలంటే వెళ్ళు. ఇదిగో, నన్ను రాసుకుంటూ వెళ్ళు."

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రాకు" అన్నాడు.

ఆమె మరో అడుగు వేసింది. ఆయన చేతులు రెండూ వెనక్కి దాచుకుని, గోడకు అంటుకుపోతూ, చెప్పు ఒకటి జారిపోయినా చూసుకోకుండా వెనక్కి నడిచాడు. "రాకు తల్లీ, వద్దు, నీకు దండం పెడతాను" అంటూ పెరడంతా వెనక్కే దాటి గదిలోకి పోయి తలుపు గడియ వేసుకున్నాడు.

శాంతమ్మ కూతుర్ని పట్టుకుని వంటింట్లోకి తెచ్చి కూర్చోబెట్టింది. మంచినీళ్ళు తాగించింది. ఇక చెప్పక తప్పదు కనక చెప్పింది.

సుందరరావు పుట్టింది రేపల్లె దగ్గర ఒక ఊరి చివర పేటలో. ఆ ఊళ్ళో టీకొట్టు ముందు స్తంభానికి మేకు కొట్టి పేటవాళ్ళ గ్లాసులు విడిగా తగిలించేవారు. కలిసిపోకుండా వాటి అడుగున ఎర్ర రంగు పూసేవారు. ఒకసారి ఆయన తండ్రితో కలిసి ఒక ఇంటికి వడ్లబస్తా మోసుకెళ్ళి, దాహమై నీళ్ళడుగుతూ పొరపాటున మెట్టు ఎక్కాడు. మడిలో ఉన్నాం, దూరం, దూరం అని ఆ ఇల్లాలు కేక పెట్టింది. ఆ సాయంత్రం తండ్రికి ఊరివాళ్ళు వేసిన శిక్షను ఎనిమిదేళ్ళ సుందరరావు కళ్ళారా చూశాడు. ఆ నెలలోనే వాళ్ళు ఊరు విడిచారు. తండ్రికి రైల్వేలో పట్టాలు సరిచేసే గ్యాంగ్ పని దొరికి రాయ్‌పూర్ చేరారు.

"పెళ్ళయిన కొత్తలో ఒకే ఒక్కసారి చెప్పారు నాకు. మన పిల్లలకు ఆ మాట తెలియకూడదు శాంతా, అది లేని తెలుగు నేర్పుదాం అన్నారు. అందుకే నువ్వు అడిగినప్పుడు నేను చెప్పలేదు."

"చెప్పి ఉంటే నేను అనేదాన్నా అమ్మా" అంది రేచల్.

ఆ ప్రశ్నలో అన్యాయమేమీ లేదని శాంతమ్మకు తోచింది. కూతురి చెవిన పడకూడదని ఆయన ఏ మాటను గడప బయటే ఆపాడో, తెలియకపోవడం వల్లనే అది కూతురి నోట వచ్చింది. ఆయన కాపలా ఫలించింది. ఫలించింది కనకనే ఇలా జరిగింది.

రేచల్ వంటింట్లోంచి ఒక స్టూలు తీసుకుని పెరటి గుమ్మం లోపల, తనకు అనుమతి ఉన్న చోటు దాకా వచ్చి కూర్చుంది. మూసిన తలుపుతో మాట్లాడింది.

"నాన్నా, అమ్మ చెప్పింది. నాకు తెలియదు. తెలియదని వదిలెయ్యమని అడగటం లేదు. నేను చేసిందీ అదే కదా. నన్ను కాపాడుకోవడానికి నిన్ను దూరం పెట్టాను."

కొంతసేపటికి గడియ తీసిన చప్పుడైంది. తలుపు సగం తెరుచుకుంది.

"అదీ ఇదీ ఒకటి కాదు" అన్నాడు సుందరరావు. "వాళ్ళకు మా నుంచి వచ్చే కీడేమీ లేదు. ఉందని అన్నారు. నా నుంచి నీకు నిజంగానే ఉంది. మీటరు పెట్టి కొలిచారు. నువ్వు చేసింది సరైన పనే. నాకే, లోపల పాత చోట తగిలింది. సందులో నువ్వు మీదికి వస్తుంటే తెలిసింది నాకు, నేనెంత పిచ్చి పని చేస్తున్నానో."

"చుక్క చెరిపేస్తాను నాన్నా."

"వద్దు. ఉండనీ. పొరపాటున నీ చేతికి వస్తే ఎట్లా."

అప్పటినుంచి జాగ్రత్త అంతా ఆయన చేతిలోకి వెళ్ళిపోయింది. తన కంచం తానే కడుక్కునేవాడు. శాంతమ్మ స్టూలు దగ్గర రెండు నిమిషాలు ఎక్కువ నిలబడితే ఆయనే కసిరేవాడు. రెండు వారాలు పూర్తయ్యాక మీటరు అమ్మాయి మళ్ళీ కొలిచి, ఇక ఇంట్లో అందరితో ఉండొచ్చు బాబూజీ అంది. ఆయన తలూపి ఇంటికి వచ్చి, నేరుగా వెనక గదిలోకే వెళ్ళాడు.

"ఇంకా కొంచెం మిగిలి ఉంటుంది. మిషన్లకేం తెలుసు" అన్నాడు. "ఆ పిల్లకు రెండు పోయాయి శాంతా. మూడోది నా వల్ల పోకూడదు."

రేచల్ బతిమాలింది, కోప్పడింది, డేనియల్ చేత ఫోన్ చేయించింది. ఆయన పెరడు దాటలేదు. తండ్రీకూతుళ్ళు సాయంత్రాలు పెరటికి చెరోవైపు కూర్చుని మాట్లాడుకునేవారు. మెడ గడ్డ ముందు మెత్తబడింది, తర్వాత చిన్నదైంది. శాంతమ్మ రోజూ దొంగచాటుగా దాన్నే చూసేది. ఆ కొద్ది వారాలే ఆ ఇంట్లో ఆశ అనేది ఉన్న కాలం.

ఆ తర్వాత చిగుళ్ళలోంచి రక్తం రావడం మొదలైంది. మందు ఎముకల్లోని మూలుగను కూడా దెబ్బతీసిందని, కొంత ఊహించిందేనని చెప్పి రక్తం ఎక్కించారు. ఎక్కించిన రక్తం నిలవలేదు. మెడ గడ్డ తిరిగి ఉబ్బింది. స్కాన్ తీశారు. డాక్టరు సుందరరావును బయట కూర్చోబెట్టి శాంతమ్మతో మాట్లాడబోతే, ఆయన లేచి లోపలికి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

"నా ముందే చెప్పండి సాబ్" అన్నాడు హిందీలో.

డాక్టరు చెప్పాడు. కడుపులో కొత్త గడ్డలు వచ్చాయి, ఎముకల లోపలికీ పాకింది. మళ్ళీ అదే మందు ఇచ్చే స్థితిలో శరీరం లేదు. ఇచ్చినా ప్రయోజనం ఉండదు. ఇంట్లోనే ఉంచి నొప్పి లేకుండా చూసుకోవడం మేలు. ఎన్నాళ్ళు అని ఆయనా అడగలేదు, శాంతమ్మా అడగలేదు.

ఇంటికి చేరేసరికి ఎండ వాలుతోంది. ఆటో దిగి ఆయన సందులోంచి గోడ పట్టుకుంటూ వెనక గదికే వెళ్ళాడు. రేచల్‌కు ఎనిమిదో నెల. తల్లి ముఖం చూసింది. స్లిప్పర్లు కూడా వేసుకోకుండా పెరట్లోకి దిగింది.

"అక్కడే ఉండు" అన్నాడు సుందరరావు మంచం మీంచి.

ఆమె ఆగలేదు.

"రేచల్, చెప్తుంటే నీక్కాదూ. ఇంకా ఉందేమో నాలో."

"లేదు నాన్నా." ఆమె గుమ్మం దాటి మంచం అంచున కూర్చుంది. "ఏమీ లేదు. ఎప్పుడో పోయింది. నీ ఒంట్లో దాని చుక్క కూడా మిగల్లేదు."

ఆ మాట పూర్తయ్యాక గానీ తానేమన్నదో ఆమెకు తెలియలేదు. సుందరరావు కూతురి ముఖంలోకి చూశాడు.

"ఏమీ లేదా?" అన్నాడు. "అయితే ఇక నాలో మందు లేదన్నమాట."

ఇన్ని వారాలు కూతుర్ని దూరంగా ఉంచిందీ, ఆయనను బతికించవలసిందీ ఒకటేనని గుమ్మంలో నిలబడిన శాంతమ్మకు అప్పుడు అర్థమైంది. అది ఉన్నంతకాలం బిడ్డ దగ్గరికి రాకూడదు. బిడ్డ దగ్గరికి రాగలిగిందంటే అది లేదు.

రేచల్ తండ్రి చెయ్యి తీసుకుంది. ఆయన మొదట వెనక్కి లాక్కోబోయాడు. తర్వాత బలం చాలకో, మనసు మారో, వదిలేశాడు. ఆమె ఆ చేతిని రెండు చేతులతో తన కడుపు మీద పెట్టుకుంది.

"తన్నుతోందా?" అన్నాడు.

"ఇందాకటి నుంచీ నిద్రపోతోంది. ఉండు, లేస్తుంది."

"నీకు ఎప్పుడు అన్నారు?"

"వచ్చే నెలాఖరుకు."

ఆయన తలూపాడు. గోడవతల ఆండాళమ్మ ఎవరినో భోజనానికి పిలుస్తోంది. రేచల్ కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే చెయ్యి వదలాలి.

"పేరు నువ్వే పెట్టాలి నాన్నా."

"ఇప్పుడే చెప్పనా?"

పుట్టాక చెప్పుదువులే అని ఆమె అనగలిగేది. డ్యూటీలో ఉన్నప్పుడు రోగులతో అలాంటి మాటలు అంటూనే ఉండేది. "ఇప్పుడే చెప్పు" అంది.

ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించాడు. ఆడపిల్లకొకటి, మగపిల్లవాడికొకటి, రెండు పేర్లు చెప్పాడు. గొంతు బాగా తగ్గిపోయి ఉండటంతో రేచల్ వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టి విన్నది. శాంతమ్మ గుమ్మంలోనే నిలబడి, ఒక్క అక్షరం కూడా మరిచిపోకూడదని ఆ రెండు పేర్లనూ పెదవుల లోపలే పలుక్కుంటూ ఉండిపోయింది.